కోతలేని కాలేయపరీక్షలు



ఈ నెల ఈ శీర్షికక్రింద వ్రాయదలచిన విషయము వేఱు. కాని యొక సోదరి వ్రాసిన జాబు చదివిన పిమ్మట దానిని వెనుకకు నెట్టి దీనిని ముందునకు దెచ్చితిని. ఆమె నలువదియాఱేండ్ల గృహిణి. కొమార్తె బలవంతము చేయగా రక్తపరీక్ష చేయించుకొన్నదట. కాలేయమునకు సంబంధించిన యంకె యొకటి హెచ్చుగా నున్నదనియు, మఱికొన్ని పరీక్షలు చేయించుకొమ్మనియు వైద్యుడు చెప్పెనట. ఇరుగుపొరుగువారు, ‘ఇక ప్రక్కలో సూది గ్రుచ్చి కాలేయమును ముక్క తీయుదురు’ అని భయపెట్టిరి. అత్తగారు, ‘త్రాగువారికి వచ్చు జబ్బు మన యింటి కోడలి కేల వచ్చును? ఎవ్వరితోను జెప్పకుము’ అనిరి. ఆ మాటలతో ఆమె కాగితములను బీరువాలో దాచివేసినది. ఇది జరిగి ఆఱు నెలలైనది.

ఈ జాబు చదువునప్పుడు నాకు మా పెద్దమ్మ జ్ఞప్తికి వచ్చినది. ఆమె జన్మలో మద్యము ముట్టి యెఱుగదు; వారమునకు రెండుదినము లుపవాసము. కాని యొళ్లు భారము, మధుమేహము గలవు. పదేండ్లపాటు ‘నీరసముగా నున్నదే’ అనుచునే పొయ్యి దగ్గఱ నిలుచుండెడిది. పెదనాన్నగారికి ఉద్యోగమువలన ఏటేట రక్తపరీక్షలు జరిగెడివి. ఆయన పథ్యపువంటలన్నియు పెద్దమ్మయే చేసెడిది. ఆమె కొక్కనాడును పరీక్ష జరుగలేదు. కాళ్లు వాచి, పొట్ట నీటితో నిండిన తర్వాత ఆస్పత్రికి గొనిపోగా, కాలేయము గట్టిపడి ముడుచుకొనిపోయినదనిరి. మఱు సంవత్సరమే ఆమె మమ్ము విడిచి వెళ్లినది. అయిదేండ్ల ముందు ఒక చెంచాడు రక్తమిచ్చి చూపించుకొనియున్నచో కథ వేఱుగా నుండెడిదని వైద్యుడన్న మాట ఇప్పటికిని నా చెవిలో మ్రోగుచుండును.

కావున కాలేయపరీక్షలన నేమో, వానిలో కోత యెంత, నొప్పి యెంత, ఏ పరీక్ష యేమి చెప్పును, ఏమి చెప్పజాలదు అను విషయములను ప్రతి యిల్లాలును తెలిసికొనుట మంచిది.

కాలేయము చేయు పనులు

కాలేయము కుడివైపున ప్రక్కటెముకల క్రింద నుండును. పెద్దవారిలో దాని బరువు సుమారు ఒకటిన్నర కిలో. తిన్న యన్నములోని చక్కెరను దాచి, కావలసినప్పుడు రక్తములోనికి విడుచుట, కొవ్వు నరిగించు పైత్యరసమును దయారుచేయుట, రక్తము గడ్డకట్టుటకు వలయు పదార్థములను, ఆల్బుమిన్ అను మాంసకృత్తును తయారుచేయుట, మందులను విషములను విఱిచి బయటికి పంపుట మొదలైనవన్నియు దాని పనులే. ఒక్కమాటలో దానిని శరీరమను నింటికి ఇల్లాలనవచ్చును. ఇల్లాలివలెనే అది బాధ చెప్పుకొనదు. దాని లోపల నొప్పిని దెలుపు నరములు లేవు. వాచి పైపొర సాగినప్పుడు మాత్రమే ప్రక్కను బరువుగనో నొప్పిగనో తోచును. అందుచేతనే నొప్పి లేదుగదా యని యూరకుండరాదు.

మూడు ప్రశ్నలు

వైద్యుడు పరీక్షలు వ్రాయునప్పుడు ఆయన మనస్సులో మూడు ప్రశ్నలుండును. కాలేయము ఇప్పుడు దెబ్బతినుచున్నదా? తన పని తాను సరిగా చేయుచున్నదా? ఇంతవఱకు తిన్న దెబ్బలవలన లోపల నెంత మచ్చగట్టినది? ఈ మూడును వేర్వేఱు ప్రశ్నలు. ఒకదానికి జవాబు మంచిదైనంతమాత్రమున తక్కినవానికి గూడ మంచిదే యనుకొనుట పొరపాటు. మన యిండ్లలో జరుగు తప్పులలో పెక్కులు దీనినుండియే పుట్టుచున్నవి.

రక్తపరీక్ష

మొదటిది, అన్నిటికంటె సులభమైనది రక్తపరీక్ష. చేతి నరమునుండి అయిదు మిల్లీలీటర్ల రక్తము దీయుదురు. దీనిని కాలేయపు పనితీరు పరీక్ష యనుచున్నారు గాని, ఆ పేరు పూర్తిగా తగినది కాదు.

ఇందులో యస్.జి.పి.టి., యస్.జి.ఓ.టి. అను రెండంకెలు మొదటి ప్రశ్నకు జవాబు. ఇవి కాలేయకణముల లోపలనుండు పదార్థములు. కణములు దెబ్బతిన్నప్పుడు రక్తములోనికి గాఱును. సాధారణముగా పరీక్షాలయములు నలుబదివఱకు సరియైనదని ముద్రించుచున్నవి. కాని ఆరోగ్యవతులైన స్త్రీలకు యస్.జి.పి.టి. 19 మొదలు 25 వఱకే యుండవలెనని 2017లో అమెరికాలోని జీర్ణకోశవైద్యుల సంఘము చెప్పినది. పురుషులకది 29 మొదలు 33 వఱకు. కావున స్త్రీలకు ముప్పదియైదున్నను, కాగితముమీద నల్లయక్షరములలోనే యున్నను, వైద్యుని కొకసారి చూపుట తప్పుగాదు. యస్.జి.ఓ.టి. కండరములలోను గలదు. ముందురోజు కఠినమైన వ్యాయామము చేసినను, తీసిన రక్తము గొట్టములో చెడినను, ఈ యంకె కొంత పెఱుగును. కనుక ఒక్కసారి హెచ్చినదని బెంబేలు పడక, కొన్ని వారములలో మరల చూపించుకొనవలెను.

బిలిరుబిన్, ఆల్బుమిన్, ప్రోత్రాంబిన్ కాలము అనునవి రెండవ ప్రశ్నకు, అనగా పనితీరునకు, జవాబు. బిలిరుబిన్ అనునది పాత ఎఱ్ఱకణములు నశించునప్పుడు పుట్టు పచ్చని పదార్థము. నూరు మిల్లీలీటర్ల రక్తములో ఒకటి లేక ఒకటింబావు మిల్లీగ్రాములకు మించకుండవలెను. ఇంచుమించు మూడు మిల్లీగ్రాములైనప్పుడు కన్నులు పచ్చబడును. ఆల్బుమిన్ మూడున్నర మొదలు అయిదు గ్రాములవఱ కుండవలెను. దానిలో సగము తఱుగుటకు ఇరువది దినములు పట్టును గనుక, అది తగ్గినచో జబ్బు పాతదని యనుమానింపవలెను. ప్రోత్రాంబిన్ కాలము రక్తము గడ్డకట్టుటకు బట్టు వ్యవధిని జెప్పును. ఇది ఒకటి రెండు దినములలోనే మాఱును గనుక, తీవ్రమైన కామెర్లలో ప్రాణాపాయమును ముందుగా సూచించునది ఇదియే. అట్టి జబ్బులో యస్.జి.పి.టి. వేలలోనుండి గబగబ దిగుచున్నదని ఇంటివారు సంతోషింతురు. కాని ప్రోత్రాంబిన్ కాలము పెఱుగుచుండగా అది దిగుట శుభసూచకము కాదు. కాఱుటకు కణములే మిగులలేదని దాని యర్థము కావచ్చును.

కొందఱికి ఉపవాసమున్నప్పుడు, జ్వరము వచ్చినప్పుడు బిలిరుబిన్ మాత్రము కొంచెము పెఱిగి, తక్కినవన్నియు సరిగా నుండును. ఇది గిల్బర్టు లక్షణమనబడు పుట్టుకతోడి స్వభావము. హానికరము కాదు, మందు అక్కఱలేదు. దీనికై పసరులు త్రాగి యవస్థపడినవారు పలువురు గలరు.

ఇంటిలోనే వేయదగిన లెక్క

మూడవ ప్రశ్నకు, అనగా మచ్చగట్టుటకు, కోత లేక జవాబు వెదకు మార్గములు రెండు గలవు. మొదటిది ఫిబ్-4 అను లెక్క. దీనికి వయస్సు, యస్.జి.ఓ.టి., యస్.జి.పి.టి., రక్తములోని ప్లేట్‌లెట్ల సంఖ్య చాలును. వయస్సును యస్.జి.ఓ.టి.తో హెచ్చవేయవలెను. యస్.జి.పి.టి. వర్గమూలమును ప్లేట్‌లెట్ల సంఖ్యతో (వేలలో) హెచ్చవేయవలెను. మొదటి లబ్ధమును రెండవదానిచే భాగింపవలెను.

జాబు వ్రాసిన సోదరి తన యంకెలు పంపినది: వయస్సు 46, యస్.జి.ఓ.టి. 40, యస్.జి.పి.టి. 64, ప్లేట్‌లెట్లు రెండులక్షల ముప్పదివేలు. నలువదియాఱును నలుబదిచే హెచ్చవేయగా 1840. అఱువదినాలుగునకు వర్గమూలము 8. దానిని 230చే హెచ్చవేయగా అదియు 1840. భాగింపగా ఫలము ఒకటి. ఒకటింబావునకు కొంచెము పైన, అనగా 1.3 కంటె తక్కువైనచో పెద్ద మచ్చ యుండుట అరుదు. 2.67 దాటినచో నిపుణుని చూడవలెను. నడుమనున్నచో రెండవ పరీక్ష కావలెను. అఱువదియైదేండ్లు దాటినవారికి 1.3కు బదులు 2 అని గ్రహింపవలెను. ముప్పదియైదేండ్లలోపువారికి ఈ లెక్క అంతగా నమ్మదగినది కాదు.

మా పెద్దమ్మ ఆస్పత్రికాగితములు తీసి ఈ లెక్క నేను వేసితిని. వయస్సు 60, యస్.జి.ఓ.టి. 72, యస్.జి.పి.టి. 36, ప్లేట్‌లెట్లు లక్షయిరువదివేలు. ఫలము ఆఱు! ఆమె యస్.జి.పి.టి. చూడుడు: ముప్పదియాఱు. ‘సరిగానే యున్నది’ అని యెవ్వరైన చెప్పియుందురు. ఒక్కొక్క యంకెను విడివిడిగా చూచుటకును, అన్నిటిని కలిపి చూచుటకును గల భేదమిది.

అల్ట్రాసౌండు, ఫైబ్రోస్కాను

పొట్టమీద జిగురు పూసి యంత్రముతో చూచు అల్ట్రాసౌండు మీ రందఱు గర్భవతులై యున్నప్పుడు చూచినదే. పిత్తాశయములోని రాళ్లు, పైత్యనాళపు వాపు, పొట్టలోని నీరు, గడ్డలు దీనిలో గనబడును. ఆఱు మొదలు ఎనిమిది గంటలు ఏమియు తినకుండ పోవలెను. తిన్నచో పిత్తాశయము ముడుచుకొని సరిగా కనబడదు. కొవ్వు కొద్దిగా నున్నప్పుడు మాత్రము ఈ పరీక్షకు దొరకకపోవచ్చును. మచ్చ యెంత గట్టినదో కూడ ఇది తేల్చి చెప్పజాలదు.

ఆ కొఱత తీర్చుటకు ఫ్రాన్సుదేశమున కనిపెట్టబడి 2003 మొదలు వాడుకలోనికి వచ్చిన యంత్రమే ఫైబ్రోస్కాను. కుడిచేయి తలక్రింద పెట్టుకొని వెల్లకిల పరుండవలెను. ప్రక్కటెముకల నడుమ నొక చిన్న పనిముట్టు నుంచి మెల్లగా తట్టుదురు. వ్రేలితో గొట్టినట్లుండును గాని నొప్పి యుండదు. ఆ తట్టుడువలన బుట్టిన యల కాలేయములో నెంత వేగముగా బోవునో యంత్రము కొలుచును. మెత్తని దానిలో మెల్లగా, గట్టిదానిలో త్వరగా బోవును. మామిడికాయను వ్రేలితో నొక్కి పండినదో లేదో చూచుటవంటిదే యిది. పదిసార్లు కొలిచి మధ్యసంఖ్యను వ్రాయుదురు. పని యంతయు పది నిముషములలో ముగియును. కొవ్వు కాలేయమున్నవారికి ఎనిమిది కిలోపాస్కలులలోపైనచో పెద్ద మచ్చ లేదని, పండ్రెండు దాటినచో ఉండవచ్చునని సామాన్యముగా గ్రహింతురు.

పోవుటకుముందు మూడు గంటలు ఏమియు తినరాదు; భోజనము చేసి పోయినచో కాలేయము ఉన్నదానికంటె గట్టిగా గనబడును. అప్పుడే కామెర్లు వచ్చి వాపున్నను, గుండె బలహీనత యున్నను అంకె హెచ్చును. పొట్టలో నీరున్నవారికి ఈ పరీక్ష కుదురదు. గర్భవతులును, గుండెకు యంత్ర మమర్చుకొన్నవారును ముందుగానే చెప్పవలెను. మఱియొక మాట: కుడిప్రక్క మాత్రము బట్ట తొలగించిన చాలును. సిగ్గుచేత పరీక్ష మానుకొనువారున్నారు. స్త్రీయే చేయవలెననియో, తోడుగా నొక స్త్రీ యుండవలెననియో అడుగుటకు సంకోచింపవలదు.

సూది యెప్పుడు కావలెను?

ముక్క తీసి చూచు పరీక్షకు బయాప్సీ యని పేరు. 1883లో జర్మనీలో పాల్ ఎర్లిక్ కాలేయమున తొలిసారి సూది నుపయోగించెను. 1958లో ఇటలీకి చెందిన మెంఘినీ ఒక్క క్షణములో ముగియు పద్ధతి నేర్పఱచెను. అయినను ఇప్పుడు ప్రతివారికి దాని యవసరము లేదు. పై పరీక్షలవలన కారణము తేలనప్పుడు, శరీరము తన కాలేయమును తానే శత్రువని యెంచి పోరాడు జబ్బును (ఇది స్త్రీలలో నెక్కువ) అనుమానించినప్పుడు మాత్రమే వైద్యులు దానిని కోరుదురు. చర్మమునకు మత్తిచ్చి చేయుదురు. పిదప భుజమున నొప్పి కొంద ఱెఱుగుదురు, రక్తస్రావము అరుదు. రక్తము సరిగా గడ్డకట్టనివారికి, పొట్టలో నీరున్నవారికి, మెడనరము ద్వారా సన్నని గొట్టము పంపి ముక్క దీయు పద్ధతి గలదు. తీసిన ముక్క కాలేయములో ఏబదివేలవ వంతు మాత్రమే! అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచినట్లు గాని, కాలేయమంతయు అన్నమువలె నొక్కరీతిగా నుండదు. కావున ఆ ముక్క చెప్పునదియు సంపూర్ణసత్యము కాదు.

కాలేయములో కొంతభాగము తీసివేయవలసినప్పుడు, మిగిలినది పని చేయగలదా యని చూచుటకు మఱియొక పరీక్ష గలదు. ఆకుపచ్చని రంగుమందు నొకదానిని నరములోనికెక్కించి, వ్రేలికి పెట్టిన చిన్న పరికరముతోనో రక్తము తీసియో, కాలేయము దానిని ఎంత త్వరగా తొలగించునో కొలుతురు. పదునైదు నిముషములకు పదవవంతుకంటె తక్కువ మిగులుట మంచి గుర్తు. ఆ మందులో అయోడిన్ గలదు గనుక, అది పడనివారు చెప్పి తీరవలెను.

గర్భవతులకు

నిండు నెలలలో ఆల్కలైన్ ఫాస్ఫటేస్ అను అంకె మాయనుండియే పెఱుగును, ఆల్బుమిన్ తగ్గును. ఇవి సహజము. యస్.జి.పి.టి. మాత్రము గర్భము చేత పెఱుగదు. పెఱిగినచో కారణము వెదకవలెను. అరచేతులు, అరికాళ్లు రాత్రులయందు విపరీతముగా దురదపెట్టి, పొక్కులేమియు లేకున్నచో, ‘వేడి చేసినది’ అని మజ్జిగతో సరిపుచ్చవలదు. అది పైత్యరసము నిలిచిపోవుటవలన కావచ్చును. రక్తములో పైత్యామ్లములను కొలిచిన తెలియును. ఆ కొలత నూరు దాటినచో గర్భస్థశిశువునకు ప్రమాదము. కాచి చల్లార్చిన నీరు త్రాగుటయు నట్లే ముఖ్యము. హెపటైటిస్-ఇ అను నీటివలన వచ్చు కామెర్లు గర్భవతుల ప్రాణములకే ముప్పు తెచ్చును. హెపటైటిస్-బి యున్నదో లేదో ప్రతి గర్భిణియు తెలిసికొనవలెను. ఉన్నచో బిడ్డకు పుట్టిన యిరువదినాలుగు గంటలలో టీకా వేయించి కాపాడవచ్చును. 2018 జూలై 28వ తేదీన మన దేశమున ప్రారంభమైన కార్యక్రమముక్రింద ప్రభుత్వాస్పత్రులలో హెపటైటిస్-బి, సి లకు పరీక్షలును మందులును ఉచితముగా నిచ్చుచున్నారు.

పసరుమందుల మాట

కామెర్లవానికి లోకమెల్ల పచ్చగా కనబడునని సామెత. నిజమునకు రోగికి లోక మెప్పటివలెనే కనబడును. అతని కన్నులే మనకు పచ్చగా కనబడును. మన యాడువారు పసుపు పూసికొందురు గనుక చర్మమును జూచి చెప్పరాదు. పగటివెలుతురున కంటి తెల్లగ్రుడ్డును, మూత్రపు రంగును చూడవలెను.

కన్నులు పచ్చబడగానే పసరు వేయించుట, మణికట్టున వాత పెట్టించుట మన యూళ్లలో నేటికిని గలవు. నీటివలన వచ్చు కామెర్లు చాలమందికి కొన్ని వారములలో తమంతట తామే తగ్గును. ఆ ఘనత పసరునకు దక్కుచున్నది. కాని పైత్యనాళములో రాయి యడ్డుపడినవారికి, మందులవలన కాలేయము చెడినవారికి ఆ వారములే ప్రాణమూల్యములు. వేరులు, ఆకులు హాని చేయవనుట గూడ సరిగాదు. కరోనాకాలమున తిప్పతీగ కషాయము దీర్ఘముగా త్రాగినవారిలో కొందఱికి కాలేయపు వాపు వచ్చెనని మన దేశపు వైద్యులే 2021లో ప్రకటించిరి. పసరు త్రాగియున్నచో ఆ మాట వైద్యునివద్ద దాచవలదు. నిద్రమత్తు, మాట తడబాటు, ఆగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము కనబడినచో తెల్లవాఱువఱకు ఆగక ఆస్పత్రికి గొనిపోవలెను.

పరీక్షకు పోవునప్పుడు

వాడుచున్న మందులన్నిటి పేర్లు, నాటుమందులతోసహ, ఒక కాగితముమీద వ్రాసికొని పోవలెను. పాత కాగితములు తేదీల వరుసను ఒక సంచిలో నుంచవలెను. ఒక్క యంకెకంటె ఏటేట అది పోవుచున్న దారి యెక్కువ చెప్పును. వీలైనంతవఱకు ఒకే పరీక్షాలయమున చేయించుకొనుట మేలు. వైద్యుని ఈ మూడు ప్రశ్నలడుగుడు: ఈ పరీక్ష యెందులకు? ఫలము చెడ్డదైన తరువాత చేయవలసినదేమి? మంచిదైనను మరల నెప్పుడు చూపవలెను?

ఇక జాబు వ్రాసిన సోదరికి. అమ్మా! మీ లెక్క ఒకటి మాత్రమే వచ్చినది. మీ పొరుగువారు చెప్పిన సూదికి ఇప్పుడు పనిలేకపోవచ్చును. కాని అంకెలు ఆఱు నెలల పాతవి; మరల చూపించుకొని, హెపటైటిస్-బి, సి, చక్కెర పరీక్షలు, అల్ట్రాసౌండును వైద్యుని సలహాపై చేయించుకొనుడు. ఇది కొవ్వు కాలేయమే యైనచో, ఒంటిబరువులో నూటికి ఏడు మొదలు పదివంతులు తగ్గినంతనే చాలమందికి కాలేయము కోలుకొనును. డెబ్బదికిలోల మనిషికి అది అయిదు మొదలు ఏడు కిలోలు. మీ అత్తగారికి ఈ పుట చదివి వినిపింపుడు. త్రాగనివారికిని ఈ జబ్బు వచ్చునని, దీనిలో సిగ్గుపడవలసినదేమియు లేదని ఆమెకు నచ్చజెప్పుడు. వీలైనచో ఆమెను గూడ వెంటబెట్టుకొని పోయి, ఆమె రక్తమును సైతము చూపింపుడు. ఆమెయు ఏండ్లతరబడి నీరసమని యనుచునే వంట చేసియుండును.